తెర మీద నలభై మూడు

డిపోలో అందరూ ఆమెను స్టోరమ్మ అనే పిలిచేవారు. డ్రైవర్లు, మెకానిక్కులు, గేటు దగ్గరి కాపలా మనిషి, ఆఖరికి వచ్చిపోయే మేనేజర్లు కూడా. నూటపది బస్సులకు కావలసిన విడిభాగాలన్నీ ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతి మీదుగానే వెళ్తున్నాయి. పెద్ద రేకుల షెడ్డు, అందులో పధ్నాలుగు వరసల ఇనుప ర్యాకులు, ముందు ఒక చెక్క కౌంటరు, దాని మీద వల కిటికీ. ఆ కిటికీ అవతల ఎవరైనా నిలబడి "స్టోరమ్మా, వెనక చక్రం ఆయిల్ సీలు" అంటే చాలు, ఆమె లైటు కూడా వెయ్యకుండా ర్యాకుల మధ్యకు నడిచి, చెయ్యి చాపి, సరిగ్గా అదే తీసుకొచ్చేది. ఏ బోల్టు ఏ డబ్బాలో ఉందో తన వంటింటి డబ్బాలకంటే బాగా తెలుసు ఆమెకు.

మనిషి మంచిదే, కానీ అనుమానం పాలు కాస్త ఎక్కువ. ఎవరైనా రెండు బెల్టులు అడిగితే "ఒకటి బస్సుకి, రెండోది ఎవరికి?" అనేది. ఆమె భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. "నేను ఊరందరి చూపూ సరిచేస్తాను గానీ మా ఆవిడ జోలికి మాత్రం పోను. ఎదుటివాడి జేబులో ఏముందో కూడా కనిపిస్తుంది ఆవిడకి" అని నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. స్టోరు చూసే మనిషికి అనుమానం లేకపోతే ఆరు నెలల్లో ర్యాకులు ఖాళీ అవుతాయని ఆమె నమ్మకం.

అలాంటి ఆమె దగ్గరికి ఒక సోమవారం ఉదయం కంప్యూటరు వచ్చింది.

దాన్ని తెచ్చింది పాతికేళ్ళు నిండని ఒక అమ్మాయి. పెద్దాఫీసు పంపింది. అన్ని డిపోలనూ ఒకే సిస్టమ్ కిందికి తెస్తున్నారు, ఏ డిపోలో ఏ సామాను ఎంతుందో పెద్దాఫీసులో కూర్చున్నవాళ్ళకు ఆ నిమిషానే కనబడుతుంది. అమ్మాయి చేతిలో పిస్తోలులాంటి స్కానరు, సంచీలో బార్‌కోడ్ గీతల చీటీల చుట్టలు.

"అమ్మా, ప్రతి వస్తువుకీ ఒక చీటీ అంటిద్దాం. మీరు చెప్పండి, నేను ఎక్కిస్తాను. మీకు తెలిసినదంతా దీనికి తెలియాలి" అంది.

ఆ మాట స్టోరమ్మ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. తనకు తెలిసినదంతా దానికి తెలిసిపోయాక ఇక తనతో పనేముంది? బుర్రలో ఉన్నదంతా ఒంపుకుని, ఖాళీ సీసాలా పక్కన పెట్టేస్తారు కాబోలు. ఆ సాయంత్రం ఇంట్లో భర్తతో అదే అంది.

"నీకు రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది కదా. ఇప్పుడెందుకు తీసేస్తారు?" అన్నాడాయన.

"అందుకే కదా ఇప్పుడు తెచ్చారు. నేనుండగానే అంతా లాగేసుకోవాలని."

అయినా చెప్పక తప్పలేదు. లెక్కింపుకి పంతొమ్మిది రోజులు పట్టింది. అమ్మాయి ఓపిక గలది. ఏదైనా రెండుసార్లు అడిగితే స్టోరమ్మ "ఎందుకు మళ్ళీ అడుగుతున్నావు? నేను అబద్ధం చెప్పానా?" అనేది. అమ్మాయి నొచ్చుకోకుండా "నేనే సరిగా వినలేదమ్మా" అనేది. ఆ మెతకదనం మీద కూడా స్టోరమ్మకు అనుమానమే.

ఆఖరి రోజు అమ్మాయి అడిగింది. "ఇంకేమైనా మిగిలిందా అమ్మా? ర్యాకుల్లో లేనిది?"

మిగిలింది. కౌంటరు కింద ఒక వెడల్పాటి సొరుగు ఉంది. పెద్దమేస్త్రీ కోసం ఆమె ఎప్పుడూ అందులో కొంత సామాను వేరుగా ఉంచేది. పెద్దమేస్త్రీ అంటే వర్క్‌షాపు ఫోర్‌మన్. ముప్పై ఏళ్ళుగా బస్సుల కింద పడుకుని వాటిని నడిపిస్తున్న మనిషి. ఆమెను చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నా అంటుంది. ఎప్పుడైనా సరఫరా ఆలస్యమై ర్యాకు ఖాళీ అయితే, ఆయన కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి "చెల్లెమ్మా, సొరుగు" అనేవాడు. ఆమె సొరుగు లాగేది. బస్సు కదిలేది. ఇది రిజిస్టరులో లేని ఏర్పాటు. ఇద్దరికే తెలుసు.

ఆ రోజు ఆమె అమ్మాయి ముఖంలోకి చూసింది. ఎవరో చెప్పే ఉంటారు, పరీక్షించడానికే అడుగుతోంది అనిపించింది. ఏమీ లేదంటే రేపు సొరుగు తీయించి దొంగను చేస్తారు. మారు మాట్లాడకుండా సొరుగు లాగి అందులో ఉన్నదంతా కౌంటరు మీద పెట్టింది. అమ్మాయి ఒక్కొక్కదానికీ చీటీ అంటించి ర్యాకుల్లో సర్దింది. మర్నాడు వచ్చిన పెద్దమేస్త్రీ ఖాళీ సొరుగు చూశాడు. "సరేలే" అని మాత్రం అన్నాడు. ఆ "సరేలే" ఎలాంటిదో ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

కొత్త పద్ధతిలో బస్సు నంబరు కొట్టందే ఏ వస్తువూ బయటికి రాదు. ఏ బస్సుకి, ఏ రోజు, ఎవరు తీసుకున్నారు, అన్నీ తెర మీద నమోదవుతాయి. ఒక్కొక్క సామానుకీ ఒక హద్దు పెట్టారు. నిల్వ ఆ హద్దు కిందికి జారితే సిస్టమే పెద్దాఫీసుకి కబురు పెడుతుంది, మూడు వారాల్లో కొత్త సరుకు దిగుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని పట్టి ఆపే బ్రేక్ లైనర్లు ఇదివరకు డెబ్భై సెట్లు ఉంచుకునేవారు. అంత ఎందుకు, నలభై చాలు అని పెద్దాఫీసు తేల్చేసింది. మేనేజరు తన గదిలోంచి కదలకుండానే డిపో అంతా చూసేవాడు. ఇదివరకటి మేనేజర్లు రోజుకొకసారైనా చెప్పులకు గ్రీజు అంటించుకుని యార్డులో తిరిగేవారు. ఈయన చెప్పులు అద్దంలా ఉండేవి.

రెండు నెలలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. పెద్దాఫీసు చెప్పిన ప్రకారం ర్యాకుల్లో ఉన్నదాన్ని తెరతో పోల్చి చూసే రోజు వచ్చింది. స్టోరమ్మ లెక్కపెడుతుంటే అమ్మాయి తెర చూసి టిక్కులు పెడుతోంది. బేరింగులు సరిపోయాయి. క్లచ్ ప్లేట్లు సరిపోయాయి. బ్రేక్ లైనర్ల దగ్గర ఆగారు.

"ముప్పై రెండు" అంది స్టోరమ్మ.

"నలభై మూడమ్మా."

"కళ్ళు కనిపించడం లేదా? ముప్పై రెండు."

"తెర మీద నలభై మూడుంది."

మళ్ళీ లెక్కపెట్టారు. పైవరస, కిందివరస, పక్క ర్యాకు, గోడ మూల. ముప్పై రెండే. పదకొండు సెట్లు తక్కువ. ఒక్కో సెట్టు చిన్న పిల్లవాడంత బరువు. జేబులో వేసుకుని పోయే వస్తువు కాదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క నట్టు పోలేదు. ఇప్పుడు ఈ పెట్టె వచ్చిన రెండు నెలలకే పదకొండు!

"నీ మిషనే తప్పు చూపిస్తోంది" అంది.

"తప్పు ఎక్కిస్తే తప్పే చూపిస్తుందమ్మా. కానీ ఎక్కించింది మనమిద్దరమే కదా" అంది అమ్మాయి మెల్లగా.

గంట తిరగకుండా మేనేజరు పిలిచాడు. ఆయన బల్ల మీద తెరలో ఒక గడి ఎర్రగా మెరుస్తోంది. పెద్దాఫీసులో కూడా ఇదే ఎరుపు కనిపిస్తోందని, వాళ్ళు అప్పుడే ఫోన్ చేశారని చెప్పాడు. మనిషి కోపంగా లేడు, కంగారుగా ఉన్నాడు. అది ఇంకా భయపెట్టింది ఆమెను.

"స్టోరు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"ఒకటి నా దగ్గర సార్. రెండోది వర్క్‌షాపులో పెద్దమేస్త్రీ దగ్గర. ఆదివారాలు నాకు సెలవు కదా, అవసరం పడితే ఆయన తీసి చీటీ రాసి పెడతాడు. సోమవారం నేను ఎక్కిస్తాను."

"చీటీలు సరిపోయాయా?"

"రాసినవన్నీ ఎక్కించాను సార్."

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. తర్వాత తెర వైపే చూస్తూ అడిగాడు. "మీ తమ్ముడికి స్పేర్ పార్టుల దుకాణం ఉందట కదా?"

స్టోరమ్మ తల ఊపింది. ఉంది. ఊరి అవతల లారీలు ఆగే చోట తమ్ముడు పదేళ్ళుగా దుకాణం నడుపుతున్నాడు. బస్సులవీ లారీలవీ అన్నీ దొరుకుతాయి అక్కడ. కానీ ఈ మాట ఈయన చెవిన వేసిందెవరు? బయటికి వచ్చి కౌంటరు వెనక కూర్చున్నాక ఒక్కొక్కరి ముఖమే కళ్ళ ముందు తిరిగింది. కాపలా మనిషా? తమ్ముడు వచ్చినప్పుడల్లా వాడు గేటు పుస్తకంలో పేరు రాయించుకుంటాడు. అమ్మాయా? ఎప్పుడో మాటల్లో తనే చెప్పింది. పెద్దమేస్త్రీయా? ఛ, ఆయనెందుకు చెబుతాడు?

ఆమెను తినేసింది మాత్రం అది కాదు. ఆ నెలలో తమ్ముడు రెండుసార్లు స్టోరుకు వచ్చాడు. ఆమె మోకాలి నొప్పికి మందు తెచ్చిచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, "కూర్చోరా, చేతులు కడుక్కుని వస్తా" అని అతణ్ణి లోపల కూర్చోబెట్టి వెళ్ళింది. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో షెడ్డులో తమ్ముడు తప్ప ఇంకెవరూ లేరు. అతని వ్యాను గేటు బయటే ఆగి ఉంది.

పదకొండు సెట్లు పది నిమిషాల్లో మొయ్యడం కుదరదని బుద్ధి చెబుతూనే ఉంది. మనసు వినిపించుకోలేదు. ఒకటో రెండో అయినా తీసుకుని ఉంటే? ఈ మధ్య దుకాణానికి కొత్త రంగులు వేయించాడు. ఎలా వేయించాడు? ఇన్నాళ్ళూ కిటికీ అవతలి వాళ్ళ మీద చూపిన చూపు ఇప్పుడు తోడబుట్టినవాడి మీదికి తిరిగింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు సెలవు పెట్టి రెండు బస్సులు మారి తమ్ముడి దుకాణానికి వెళ్ళింది. ముగ్గురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. తమ్ముడు చూసి "అక్కా! చెప్పా పెట్టకుండా వచ్చావేంటి? కూర్చో కూర్చో" అని స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. సామాను చూస్తున్నట్లు నటిస్తూ లోపలికి నడిచింది. డిపోకి వచ్చే లైనర్ల పెట్టెల అడుగున ఊదారంగు ముద్ర ఉంటుంది. వెనక వరసలో బ్రేక్ లైనర్ల పెట్టెలు కనిపించాయి. ఒకటి ఎత్తి అడుగు చూసింది. ముద్ర లేదు. ఇంకొకటి ఎత్తింది. మూడోది ఎత్తుతుంటే వెనక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను కూడా ఈ వ్యాపారంలో ఉన్నవాడే. పెట్టె అడుగు ఎవరు ఎందుకు చూస్తారో చెప్పక్కరలేదు.

అతను లోపలికి వచ్చి ఆ వరసలోని పెట్టెలన్నీ ఒక్కొక్కటే దించాడు. ఆమె ముందు బోర్లించి, మూతలు తీసి, నేల మీద వరసగా పేర్చాడు. పద్దెనిమిది పెట్టెలు. కొనేవాళ్ళు ముగ్గురూ మెడలు సాచి చూస్తున్నారు.

"చూసుకో అక్కా" అన్నాడు. "అటకమీద ఇంకో నాలుగున్నాయి. నిచ్చెన వెయ్యనా?"

"అది కాదురా, డిపోలో..."

"నిచ్చెన వెయ్యనా, వద్దా?"

ఆమె తల వంచుకుని బయటికి వచ్చేసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముద్ర లేనందుకు హాయిగా ఉండాలి కదా. లేదు. అతను తీసినవి అప్పుడే అమ్మేసి ఉండొచ్చు కదా అని ఒక పాడు ఆలోచన ఇంకా ఎక్కడో పురుగులా తొలుస్తూనే ఉంది. అందుకే ఆ ఏడుపు.

ఇంట్లో భర్త అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు.

"ఇవాళ వాడు. రేపు నన్ను కూడా నిలబెట్టి జేబులు చూస్తావా?" అన్నాడు.

"మరి పదకొండూ ఎటు పోయినట్లు?"

"ఎటు పోయాయో నన్నడిగితే ఏం లాభం? అన్నీ రాసుకునే మిషను ఉందంటున్నావు. దాన్ని అడుగు."

అద్దాలు అరగదీసుకునే మనిషి మామూలుగా అన్న మాట అది. ఆమె మాత్రం ఆలోచనలో పడింది. రెండు నెలలుగా ఆ యంత్రానికి చెప్పడమే గానీ దాన్ని ఏదీ అడగలేదు తను.

పొద్దున్నే వెళ్ళి అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిజం చెప్పు. నువ్వు కూడా నేనే తీశాననుకుంటున్నావా?"

అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసింది. "మొదట అనుకున్నానమ్మా" అంది. "తర్వాత ఆలోచించాను. తీసే మనిషైతే లెక్కింపు రోజున ఆ సొరుగు చూపించేది కాదు."

స్టోరమ్మకు ఆ పిల్ల మీద మొదటిసారి నమ్మకం కలిగింది. తీయటి మాటలు చెప్పి ఉంటే కలిగేది కాదు.

"సరే. మనం ఇచ్చినవి దీంట్లో ఉన్నాయి. బస్సులకు బిగించినవి ఉన్నాయా?"

"ఉన్నాయి. మెకానిక్కులు జాబ్ కార్డులు రాస్తారు కదా, ఏ బస్సుకి ఏం మార్చారో. వర్క్‌షాపు గుమాస్తా వాటిని ఎక్కిస్తాడు. కానీ అది వేరే పట్టిక. ఎవరూ చూడరు."

"రెండూ పక్కపక్కన పెట్టు."

అమ్మాయి చేతులు గబగబా కదిలాయి. స్టోరు నుంచి రెండు నెలల్లో ఇచ్చిన బ్రేక్ లైనర్లు నలభై తొమ్మిది సెట్లు. బస్సులకు బిగించినవి యాభై నాలుగు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇచ్చినవాటికంటే బిగించినవి ఎక్కువ! ఎవరైనా దొంగిలించి అమ్ముకుంటే బిగించినవి తగ్గాలి గానీ పెరుగుతాయా? పోయినవాటిలో కనీసం ఐదు సెట్లు దొంగ దుకాణాల్లో లేవు. డిపో బస్సుల కిందే తిరుగుతున్నాయి.

"ఆ ఐదూ ఏ రోజుల్లో బిగించారో చూడు."

నాలుగు ఆదివారాలు, ఒక సోమవారం తెల్లవారుజాము షిఫ్టు. స్టోరు మూసి ఉన్న వేళలు. రెండో తాళం చెవి పనిచేసే వేళలు. ఆ ఆదివారాల చీటీలు తీసి చూశారు. ఆయిల్ సీళ్ళకు చీటీ ఉంది, బెల్టులకు ఉంది. లైనర్లకు లేదు.

పెద్దమేస్త్రీ! ముప్పై ఏళ్ళ మనిషి. ఐదు బస్సులకు బిగించాడు సరే, మిగిలిన ఆరూ? ఆ ఐదూ కళ్ళకు గంతలు కట్టడానికేమో, ఆరు అమ్ముకున్నాడేమో. తమ్ముడి దుకాణం సంగతి మేనేజరుకు ఊదింది కూడా ఈయనేనేమో. అప్పుడు "సరేలే" అన్న గొంతు ఇప్పుడు చెవిలో మోగింది.

మధ్యాహ్నం భోజనాల వేళ వర్క్‌షాపు ఖాళీ అయింది. మిగిలినవి ఎక్కడ దాచి ఉంటాడో చూద్దామని స్టోరమ్మ యార్డు వెనక్కి నడిచింది. గోడవారన తుక్కుకు పోవలసిన పాత బస్సు ఒకటి చక్రాలు లేకుండా ఇటుకల మీద ఉంది. కిటికీలకు లోపలి నుంచి అట్టలు కట్టి ఉన్నాయి. బస్సంతా తుప్పే గానీ తలుపుకు వేసిన తాళం మాత్రం కొత్తది, తళతళలాడుతోంది. ఇంత పనికిమాలిన బస్సుకి అంత మంచి తాళం ఎందుకో ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కదలకుండా అక్కడే మెట్టు మీద కూర్చుంది.

పావుగంటకు పెద్దమేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

"తాళం నాదే చెల్లెమ్మా" అన్నాడు. బొంకాలని కూడా చూడలేదు.

తలుపు తీశాడు. సీట్లు తీసేసిన ఆ బస్సులో చెక్కల మీద అంతా పొందిగ్గా సర్ది ఉంది. బెల్టులు, గొట్టాలు, పాత బస్సుల నుంచి విప్పి శుభ్రం చేసిన భాగాలు, వాటి మధ్య ఊదా ముద్రలున్న నాలుగు లైనర్ల పెట్టెలు. ఇంకో చిన్న స్టోరు. ఆమె స్టోరు కంటే నీటుగా ఉంది.

"ఎవరికి అమ్ముతున్నావన్నా?"

"అమ్మడమా?" ఆయన ముఖం నల్లబడింది. "నన్ను చూస్తే అలా అనిపించిందా నీకు? వానాకాలంలో లైనర్లు ఎంత తొందరగా అరుగుతాయో ఆ పెట్టెకి తెలుసా? డెబ్భై ఉండేవి నలభై చేశారు. బస్సు నంబరు చెప్పందే ఇవ్వవు. బస్సు ఆగకముందే నంబరు ఎక్కడి నుంచి తెచ్చేది? ఇంతకు ముందు నీ సొరుగు ఉండేది, ధైర్యంగా ఉండేవాణ్ణి. నువ్వు దాన్ని కూడా వాళ్ళ చేతిలో పెట్టేశావు. ఒక్క మాట నాతో అనలేదు. ఇక నిన్నెలా నమ్మమంటావు?"

ఆ మాటలో నిజం ఉంది. సొరుగు లాగినప్పుడు తన భయమే చూసుకుంది, ఈయన గుర్తుకే రాలేదు. కానీ తెర మీది అంకె ఆమె కళ్ళ ముందు నిలిచింది.

"అన్నా, ఒకటి విను. నలభై కిందికి దిగితేనే అది కొత్తవి తెప్పిస్తుంది. నువ్వు చెప్పకుండా తీశావు. అందుకని తెర మీద నలభై మూడుగానే ఉండిపోయింది. నిజానికి ఉన్నవి ముప్పై రెండు. నువ్వు చీటీ రాసి ఉంటే ఈ పాటికి కొత్త సరుకు దారిలో ఉండేది. లైనర్లు రావేమోనని దాచావు. నువ్వు దాచడం వల్లే రాలేదు."

పెద్దమేస్త్రీ బస్సు కిటికీ అట్ట మీద వేలితో ఏదో గీస్తూ నిలబడ్డాడు. యంత్రాల సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కరలేదు. ఒక గొట్టం మూస్తే ఇంకో చోట ఏమవుతుందో తెలిసిన మనిషి.

"రేపు నేనే వెళ్ళి చెబుతాను" అన్నాడు చివరికి.

"రేపు కాదు. ఇప్పుడు."

"నన్ను నమ్మవా?"

"నమ్మను" అంది ఆమె. "నువ్వూ నన్ను నమ్మలేదు కదా. పద."

నాలుగు పెట్టెలూ తోపుడు బండి మీద పెట్టి, ఆయన తోస్తుంటే ఆమె పక్కన నడిచింది. భోజనాలు ముగించుకుని వస్తున్న మెకానిక్కులు దారి ఇచ్చి చూస్తూ నిలబడ్డారు. వాళ్ళలో ఎంతమందికి ముందే తెలుసో అని ఆమె ఒక్కొక్క ముఖం చూస్తూనే నడిచింది.

మేనేజరు అంతా విని, బిగించినవి ఐదు, దొరికినవి నాలుగు కాగితం మీద కూడాడు. "తొమ్మిదే అయ్యాయి. మిగతా రెండు?" అన్నాడు.

పెద్దమేస్త్రీ ప్రమాణాలు చేశాడు. తను తీసింది తొమ్మిదేనని, పదోది ముట్టలేదని. స్టోరమ్మ చిత్రంగా ఆ మాట నమ్మింది. తొమ్మిదికి ఒప్పుకున్నవాడు పదకొండుకు ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడతాడు? మేనేజరు నమ్మినట్లు లేడు. బల్ల మీద ఆమెను వేరే డిపోకి మార్చమని పెద్దాఫీసుకు రాసిన ఉత్తరం సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఆమె తలకిందులుగా ఉన్న ఆ కాగితంలో తన పేరు చదివేసింది. ఆయన దాన్ని మెల్లగా సొరుగులోకి తోశాడు. చించలేదు.

"సార్, మా తమ్ముడి మాట మీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది ఆమె.

"ఎవరూ చెప్పలేదు. గేటు పుస్తకం కూడా ఇప్పుడు సిస్టమ్‌లోనే ఉంది. మీకోసం ఎవరెవరు వచ్చారో చూశాను. దుకాణం పేరు అందులోనే ఉంది."

ఎవరెవరినో తిట్టుకుంది మూడు రోజులుగా. చెప్పింది ఎవరూ కాదు. ఆ సంగతి తెలిసినందుకు ఊరట కలగలేదు, వీపు మీద చన్నీళ్ళు పోసినట్లైంది.

తర్వాతి సంగతులు నిదానంగా జరిగాయి. పెద్దమేస్త్రీని పదిహేను రోజులు పనిలోంచి ఆపి, ఆ తర్వాత నది అవతలి డిపోకి పంపారు. వెళ్ళే రోజు కిటికీ దగ్గరికి వచ్చాడు గానీ చెల్లెమ్మా అనలేదు. రెండో తాళం చెవి కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు. స్టోరమ్మ మేనేజరు దగ్గర కూర్చుని, ఆయన విసుక్కున్నా లేవకుండా, రెండు మార్పులు రాయించింది. వానాకాలం నాలుగు నెలలూ లైనర్ల హద్దు అరవై ఐదు. వర్క్‌షాపు ఫోర్‌మన్ పేరు మీద కొంత సామాను బస్సు నంబరు లేకుండా ముందే ఇవ్వవచ్చు, అదీ తెర మీద కనిపించేలా. పాత సొరుగు లాంటిదే, కాకపోతే అందరికీ తెలిసిన సొరుగు. అమ్మాయి దాన్ని ఒక పూటలో తయారుచేసింది. "ఇది మొదటే అడిగి ఉంటే బాగుండేదమ్మా" అంది. "మొదట నువ్వు అడిగావా, నేను చెప్పానా?" అంది స్టోరమ్మ.

దొరకని రెండు సెట్లు దొరకనే లేదు. ర్యాకుల వెనకా, తుక్కు బస్సు కిందా, ఎక్కడా లేవు. ఆమె లెక్కలో అవి ఇప్పటికీ ఎవరి దగ్గరో ఉన్నాయి. కొత్తగా ఎవరైనా కిటికీ దగ్గర ఎక్కువసేపు నిలబడితే ముందు వాళ్ళ చేతులు చూస్తుంది.

తమ్ముడి ఇంటికి ఆ గొడవ జరిగిన వారమే వెళ్ళింది. మరదలు తలుపు తీసి, "లోపలికి రండి వదినా" అని పద్ధతిగా అందే గానీ కుర్చీ వెయ్యలేదు. తమ్ముడు జరిగినదంతా విన్నాడు.

"నువ్వు అనుమానించావని కాదక్కా. నన్నడిగి ఉంటే నేనే తెచ్చి చూపించేవాణ్ణి. ముగ్గురు ఖాతాదార్ల ముందు పెట్టెలు తిప్పావు. వాళ్ళలో ఇద్దరు మళ్ళీ రాలేదు" అన్నాడు.

నాలుగు నెలలు అతను ఆమె ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే బావగారితో మాట్లాడి పెట్టేసేవాడు.

వానలు వెలిసి చలి కాస్త మొదలయ్యాక ఒక శనివారం సాయంత్రం హఠాత్తుగా వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, బావగారు ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"అక్కా, మీ డిపోలో పెట్టినలాంటి సిస్టమ్ నా దుకాణంలో కూడా పెట్టించుకుందామనుకుంటున్నా. చిన్నది చాలు. ఏం వచ్చింది, ఏం పోయింది, ఎవరి దగ్గర కొన్నాను, అన్నీ ఉండాలి. ఆ అమ్మాయిని అడుగుతావా?"

స్టోరమ్మ అతని ముఖం పరీక్షగా చూసింది. ఎత్తిపొడుస్తున్నాడా? నిజంగానే అడుగుతున్నాడా? ఇంకెప్పుడైనా అక్క వస్తే తెర చూపించి పంపేయొచ్చనా? ఎంత చూసినా ఏమీ తేలలేదు. కిటికీ అవతల ఉన్నవాళ్ళ మనసు చదివే ఆమె కళ్ళు ఎదురుగా కూర్చున్న తమ్ముడి దగ్గర పనిచెయ్యలేదు.

"ఎందుకురా?" అంది చివరికి.

"ఎందుకేంటక్కా, వెనక వరసలో ఏముందో నాకే గుర్తుండటం లేదు. ఆ రోజు పద్దెనిమిది పెట్టెలు దించానా? పదహారే ఉన్నాయనుకున్నాను నేను."

భర్త లోపలి గదిలోంచి పెద్దగా నవ్వాడు. తమ్ముడు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. స్టోరమ్మ నవ్వుదామనుకుంది గానీ మనసు అప్పటికే పదహారుకి, పద్దెనిమిదికి మధ్య ఆ రెండు పెట్టెల దగ్గర ఆగిపోయింది. ఊదా ముద్ర లేదని తన కళ్ళతో తనే చూసిన పద్దెనిమిది పెట్టెలవి. అది గుర్తు తెచ్చుకుని, ఆ ఆలోచనను గట్టిగా నొక్కేసింది.

"రేపు ఆదివారం కదా. నేనే వస్తాను. ముందు అన్నీ లెక్కపెట్టాలి. నువ్వు పెట్టెలు దించు, నేను రాస్తాను" అంది.

"నువ్వు దించు, నేను రాస్తాను" అన్నాడు తమ్ముడు.

"సరే" అంది ఆమె. మర్నాడు పొద్దున్నే మోకాలికి మందు రాసుకుని బయలుదేరింది.